నా ఖాళీలో నా భార్యను కూర్చోబెట్టమని మనవి

కార్మిక శాఖ కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విమాన కంపెనీలో నేను రాజీనామా చేసిన కో-పైలట్ ఉద్యోగమును, సీనియారిటీ జాబితాలో నా వెనుకనే ఉండి తొలగింపునకు గురైన పైలట్‌కు (నా భార్యకు) ఇప్పించుట గురించి.

పై విషయమై తమరికి సవినయంగా తెలియజేసుకొనునది:

1. నేనూ నా భార్యా ఒకే కంపెనీలో, ఒకే రోజున కో-పైలట్లుగా చేరినవారము. అప్పటికి భార్యాభర్తలము కాము. శిక్షణ తరగతిలో పక్కపక్క కుర్చీలు, అంతే. పరీక్షలో ఆమె మొదటి స్థానము. నేను గట్టెక్కితిని. పక్కనుంచి గాలి కొట్టుచుండగా విమానం దించుట నాకు ఎంతకీ పట్టుబడలేదు. శిక్షకుడు నా మీద ఆశ వదులుకున్న సమయంలో, క్యాంటీన్ బల్ల మీద ట్రేను రన్‌వేగా పెట్టి, చెంచాను విమానంగా పట్టుకుని, "నువ్వు గాలితో పోట్లాడుతున్నావు. అది వచ్చే వైపుకే కాస్త మొహం తిప్పు. చక్రాలు ఆనే ముందు తిన్నగా అవ్వు" అని ఆమె చెప్పినది. చెంచా ట్రే మీద వాలినప్పుడు చప్పుడు కూడా కాలేదు. నేను పైలట్‌నైనది ఆ చెంచా వల్లనే. ఈ విషయం కంపెనీ రికార్డులలో లేదు గనుక ఇక్కడ రాయుచున్నాను.

2. మా కంపెనీలో కెప్టెన్ కావలెనన్నా, మంచి రూటు కావలెనన్నా, పండగనాడు ఇంట్లో ఉండవలెనన్నా సీనియారిటీయే చూచెదరు. ముందు చేరినవారు ముందు. ఒకే రోజున చేరినవారిలో వయసులో పెద్దవారు ముందు. నేను ఆమె కన్నా కొద్ది రోజులు పెద్ద. ఈ విధంగా జాబితాలో నా పేరు కింద ఆమె పేరు వచ్చినది. "మీ అమ్మ తొందరపడింది" అని నవ్వేది. పెళ్లయిన తర్వాత ఇంటి తలుపు మీద బోర్డు రాయించునప్పుడు నేను అదే వరస పెట్టించబోగా, "ఇక్కడ సీనియారిటీ నాది" అని మార్పించినది.

3. ఇటీవల జరిగిన సమ్మె సంగతి తమరికి తెలియును. పై కెప్టెన్లకు లోటు లేదు గానీ, కొత్తగా చేరిన కో-పైలట్లు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, గదికి వెళ్లి ముగ్గురు నలుగురు ఒకే మంచం మీద వంతులవారీగా పడుకునే స్థితిలో ఉండిరి. నిద్ర చాలని మనిషి చేతిలో విమానం పెట్టకండి, జీతాలు పెంచండి అని యూనియన్ అడిగినది. గేటు ముందు మాట్లాడినది ఎక్కువగా నా భార్యయే. నేను వెనక వరసలో నినాదం రాసిన అట్ట పట్టుకుని నిలబడితిని. ఆమె గొంతు పోయి, ఇంటికి వచ్చి సైగలతో మాట్లాడేది. మా అత్తగారు, "ఇన్నాళ్లకి ఇల్లు ప్రశాంతంగా ఉంది" అని వేడినీళ్లు ఇచ్చేది.

చివరకు కంపెనీ దిగివచ్చినది. జీతాలు పెరిగినవి. ఆ సాయంత్రం గేటు దగ్గర మనుషులు ఏడ్చారు. మా యూనియన్ అధ్యక్షుడిని మేమందరం పెద్దాయన అంటాము. ఆయన నా భార్య తల మీద చెయ్యి పెట్టి, "ఇది నీదేనమ్మా" అన్నాడు.

4. తర్వాత కంపెనీవారు, పెరిగిన జీతాల భారం దృష్ట్యా కొన్ని విమానాలు తగ్గించుచున్నామనీ, ఆ మేరకు జాబితాలో కింది నుంచి మనుషులను తొలగించుచున్నామనీ ఉత్తర్వు అంటించిరి. నోటీసు బోర్డు ముందు ఒకళ్ల భుజాల మీదుగా ఒకళ్లం చూసుకున్నాము. జాబితాలో ఒక చోట అడ్డంగా గీత గీసి ఉన్నది. గీతకు పైన ఆఖరి పేరు నాది. గీతకు కింద మొదటి పేరు ఆమెది.

ఎవరెవరో నా వీపు తట్టి, "బతికిపోయావు" అన్నారు. ఆమె కూడా తట్టినది.

5. ఆమె ఏడవలేదని మనవి. ఏడ్చి ఉంటే నేను ఈ పని చేసేవాడిని కానేమో. డాబా మీద బట్టలు ఆరేస్తూ ఉండగా పైన విమానం పోతే తలెత్తి చూడదు. క్లిప్పు పెడుతూనే, "ఎవడో తొందరపడి చక్రాలు దించేశాడు" అంటుంది. అంతే. మళ్లీ బట్టలే. అయ్యా, కొంతకాలం ఎగరకపోతే మా అర్హత చెల్లదు. మళ్లీ మొదటినుంచీ పరీక్షలు రాయవలెను. నేను యూనిఫాం వేసుకుని బయలుదేరుతుంటే ఆమె నా టై సరిచేసేది. ఆ చేతులకేసి చూడలేకపోయాను. నాకు ఇది ఉద్యోగము. ఆమెకు ఏమిటో నాకు చెప్పడం రాదు.

6. అందువలన సిబ్బంది వ్యవహారాలు చూచు మేనేజరు గారి వద్దకు వెళ్లి, "నేను రాజీనామా చేస్తే ఆమె పైకి జరుగుతుందా?" అని అడిగితిని.

ఆయన కాఫీ తాగుతూ, "పైవాళ్లు పోతే కిందివాళ్లు పైకి జరుగుతారు కదండీ. జాబితా అంటే అదే కదా" అన్నారు.

నేను అక్కడే, ఆయన కలంతోనే రాసి ఇచ్చితిని. ఇంట్లో చెప్పలేదు. మూడో రోజున ఉత్తర్వు వచ్చినది. నా రాజీనామా అంగీకరించిరి. నేను ఖాళీ చేసిన పోస్టును కూడా రద్దు చేసిరి. పరుగున వెళ్లి అడిగితే మేనేజరు గారు కోప్పడలేదు. చాలా మర్యాదగా, "ఆవిడ పైకి జరిగారండీ, అందులో అబద్ధం లేదు. గీత కూడా పైకి జరిగింది" అన్నారు.

7. ఇంట్లో చెప్పక తప్పలేదు. మా అత్తగారు ముందు తేరుకుని, "మీరు లేచి నిలబడితే మా అమ్మాయిని కూర్చోబెడతారా బాబూ? అదేమన్నా బస్సా?" అన్నది. నా భార్య మాత్రం ఉల్లిపాయలు తరగడం ఆపి, కత్తి పక్కన పెట్టి అడిగినది.

"నన్నడగాలని అనిపించలేదా?"

"అడిగితే వద్దంటావని..."

"వద్దనేదాన్నే కదా మరి!"

తర్వాత మెల్లగా అన్నది, "ఒకళ్ల దయ మీద బతకక్కర్లేకుండా ఉండాలనే కదా గేటు దగ్గర అంత అరిచాను. ఇప్పుడు నీ దయ మీద ఎగరమంటావా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. తమ కార్యాలయంలో ఎవరి వద్దనైనా ఉన్నచో తెలుపగలరు.

8. పెద్దాయన ఇంటికి వెళ్లితిని. ఆయన లుంగీ మీదే బయటకు వచ్చి, "చెప్పకుండా ఎందుకు చేశావురా?" అని తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. నా స్థానం ఆమెకు ఇప్పించమని బతిమాలితిని.

"ఇప్పించలేను. నేను చేరిన రోజుల్లో జాబితా లేదు. మేనేజరుకి ఎవడు నచ్చితే వాడు కెప్టెన్. వాళ్ల బావమరుదులూ, వాళ్ల సంచులు మోసినవాళ్లూ. తుఫానులో వెళ్లనన్నవాడిని మర్నాడు ఇంటికి పంపేవారు. ఈ జాబితా వచ్చాకే మేం 'వెళ్లను' అనగలిగాం. ఇవాళ నీ మంచితనానికి ఒక పేరు మారిస్తే, రేపు ఇంకొకడి సిఫారసుకి మారుస్తారు."

"మరి నా రాజీనామా వెనక్కి ఇప్పించండి."

"అడుగుతాను. ఇచ్చినా కొత్తగా చేరినట్టే లెక్క. అందరికన్నా కింద ఉంటావు. ఆవిడకన్నా కూడా."

ఆమె కన్నా కింద అనగానే నాకు ఒక్క క్షణం సంతోషమైనది. గీత ఎక్కడ ఉన్నదో తర్వాత గుర్తుకు వచ్చినది. పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ నాకు మంచినీళ్లు తెమ్మని లోపలికి కేక వేశాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు ఎక్కడ ఉన్నదో వెతుకుతూ ఇంటికి నడిచితిని. దొరకలేదు. నా భార్య కూడా ఆయన మాటే అంటుంది. అందరూ న్యాయంగానే మాట్లాడుచున్నారు. మేమిద్దరం ఇంట్లో కూర్చున్నాము.

9. ఇంతకుముందు తమ కార్యాలయానికి వచ్చితిని. కిటికీ దగ్గరి గుమాస్తా గారు, నేను ఇప్పుడు ఉద్యోగిని కాను గనుక నా ఫిర్యాదు చెల్లదన్నారు. "తొలగించింది ఆవిడని కదా, ఫిర్యాదు ఆవిడనే పెట్టుకోమనండి" అన్నారు. ఆవిడ పెట్టదండీ, ఆవిడకి ఆ నియమం మీద గౌరవం అని చెప్పితిని. "అయితే ఫిర్యాదు లేనట్టేగా" అని వెనకాల ఉన్నవారిని పిలిచారు. ఆయన తప్పూ లేదు. వరస పెద్దది.

కావున తమరు దయతలచి, నా రాజీనామాను రాజీనామాగా కాక, ఒక మనిషి పక్కకు జరిగి మరొకరికి చోటిచ్చినట్టుగా పరిగణించవలసినదిగా కోరుచున్నాను. అటువంటి నియమం లేదని తెలియును. నియమాన్ని మార్చమని అడుగుట లేదు, అది మంచి నియమము. దాని వల్ల నా భార్య నేల మీద ఉండిపోవుట మాత్రము మంచిది కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు అంతు చిక్కకనే తమ వద్దకు వచ్చితిని. చిత్తగించి, ఏదైనా దారి ఉన్నచో చూపవలెను. లేనిచో లేదని అయినా ఒక ముక్క రాయించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మాజీ కో-పైలట్

తా.క. పైది రాసి ఆరబెట్టిన తర్వాత నా భార్య చదివినది. చింపుతుందనుకున్నాను. రెండు అక్షర దోషాలు దిద్ది, "ఆఫీసుకి ఎవరు తీసుకెళ్తారు?" అని అడిగినది. నేనే అన్నాను. "నువ్వు వద్దు. ఏడుస్తావు. నేనిస్తాను" అన్నది. కాబట్టి ఇప్పుడు ఈ కాగితంతో తమ ఎదుట నిలబడి ఉన్నది ఆమెయే. కూర్చోమనండి సార్, మీరు అనకపోతే కూర్చోదు. తనకేమీ అక్కర్లేదనీ, మా ఆయన ఉద్యోగం మా ఆయనకి ఇప్పించమనీ అడుగుతుంది. దయచేసి వినకండి. నేను వీధి అవతల, మీ కిటికీ కనిపించేచోట నిలబడి ఉంటాను. పిలిస్తే వస్తాను.