కేకలో కలిసిపోయిన పేరు

అమ్మా దెల్ఫీనా,

"నీ పేరు చెప్పకుండా ఈ పాట ఏ వేదిక మీదా పాడను" అని, చావుబతుకుల్లో ఉన్న మీ నాన్న చెయ్యి పట్టుకుని మా జట్టు గాయకుడు మాటిచ్చినప్పుడు, మీ నాన్న తమ్ముణ్ణి, నేను ఆ పక్కనే ఉన్నాను. ఏడాది తిరక్కుండా, పాట కట్టినవాడి పేరుండాల్సిన చోట "జానపదం" అని వేసి రికార్డు తెచ్చాడు. అడిగితే, "పోయినవాడికి పేరెందుకురా, ఉన్నవాడికి చప్పట్లు కావాలి గానీ" అన్నాడు. అప్పటినుంచీ జానపదం అన్న మాట ఏ పుస్తకంలో కనబడినా, ఎవరి పేరు మింగారోనని నాకు అనుమానమే.

ఈ జనవరి ఎండల్లో, ఈ వయసులో, పరానా నది ఒడ్డున వేసవి సంగీతోత్సవంలో అకార్డియన్ వాయించడానికి ఒప్పుకున్నది ఆ ఒక్క పేరు కోసమే. నువ్వూ మీ అమ్మా రేడియోకు చెవి ఆనించి కూర్చున్నా ఆ పేరు వినపడలేదని రాశావు. చెప్పానమ్మా. పాట మధ్యలో వాయించడం ఆపి, "ఇది అన్సెల్మో లెదెస్మా కట్టిన పాట" అన్నాను. కానీ మన చమమే పాటలో అకార్డియన్ ఆగిందంటే, జనం హుషారుగా సపుకాయ్ కేక పెట్టే చోటు అదే కదా. మైదానమంతా ఒక్కసారిగా గొంతెత్తింది. వేదిక దిగాక మా గిటారిస్టు, "ఏంటి పెద్దాయనా, మధ్యలో ఎవరినో పిలిచావు, పాత ప్రియురాలినా?" అని నవ్వాడు.

మీ అమ్మకు మెల్లగా చెప్పు. కేక పెట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు. మీ నాన్న పాటంటే వాళ్ళకు అంత ఇష్టం. ఆ పేరు ముందే తెలిసుంటే దాన్నే ఎలుగెత్తి అరిచేవాళ్ళు. తెలియనివ్వని ఆ గాయకుడు పోయి చాలాకాలమైనా వాడి పేరు మాత్రం ప్రతి రికార్డు మీదా ఉంది: ఇసిదోరో బయెహోస్.