బండికి ఎర్త్

22-9-1948

డైరీ దోస్త్, సలాం. పోలీస్ యాక్షన్ గొడవల్లో పది రోజులుగా నిన్ను తెరవలేదు, మాఫ్ చెయ్. దుకాణమే తెరవలేదు మరి. బల్బులు, తీగలు ఎవరు కొంటారు?

చష్మాలమ్మే ఫకీర్ మిలిటరీ వేలంలో కొన్న అంబులెన్స్ వ్యానును ఇల్లు చేసుకున్నాడు. లోపల మంచం, పొయ్యి, రెండు బల్బులు. భార్య జైనాబీ, కూతురు బానోతో జాతరలు తిరగాలని ఆశ. ఇప్పుడు జాతరలెక్కడివి? బీదర్ వైపు పల్లెలో అతని అత్త ఒంటరిగా ఉంది. అక్కడ ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని కబుర్లు. ఎల్లుండి వెళ్లి తీసుకురావాలి.

సాయంత్రం

వ్యాను లోపల బల్బులకు వైరింగ్ వీరయ్యది. పద్మారావు నగర్‌లో సగం ఇళ్లకు కరెంటు పెట్టినవాడే, మోటారు ముట్టడం మాత్రం ఇదే మొదలు. ఎర్త్ మర్చిపోవద్దని చెప్పి పంపాను. మోటార్లలో ఎర్త్ అంటే బండి ఇనుప బాడీ. ఆయనకు ఎర్త్ అంటే నేలే. తీగ చివర ఇనుప గూటం కట్టి వేలాడదీశాడు. బండి ఆగినచోటల్లా నేలలో దిగ్గొట్టాలట. దిగ్గొట్టారు. బల్బు వెలగలేదు. బండిని బర్రెలా కట్టేశాడని ఫకీర్ ఒకటే నవ్వు. ఎన్నాళ్లకు నవ్వాడో.

23-9

వీరయ్య రోషంగా తీగను బాడీకి బిగించాడు. వెలిగింది. నేను లోపలికి దూరి చూశాను. రేకుకు రంధ్రాలు తొలిచి తీగలు ఉత్తగా లాగేశాడు. రబ్బరు రింగుల్లేవు, ఫ్యూజు లేదు. ఇంటి గోడకైతే చెల్లుతుంది. బండి అదురుతుంటే రేకు అంచు తీగ తొడుగును కోసేస్తుంది. షార్టయితే నిప్పురవ్వలు పడేది బానో పరుపు మీద. మంచం కింద పెట్రోలు డబ్బాలు.

రెండు రోజులు ఆగితే అంతా మారుస్తానన్నాను.

"నేనైతే ఆగుత భాయ్. మా అత్త ఇంటి మీదికొచ్చెటోళ్లు ఆగుతరా?"

పోనీ తల్లీకూతుళ్లను ఇక్కడ వదలమన్నాను. ఈ రోజుల్లో మొగుడు లేకుండా పరాయి ఇంట్లో ఉండలేనంది జైనాబీ.

24-9, పొద్దున్నే

బ్యాటరీ నుంచి లోపలికెళ్లే తీగలన్నీ కత్తిరించేశాను. హెడ్‌లైట్లు ఉంటాయి, ఇల్లు చీకటి. ఫకీర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వదిలి, బండెక్కాడు.

27-9

రాలేదు.

29-9

లారీ తుకారాం ఆ దారినే వచ్చాడు. రాత్రిళ్లు మిలిటరీవాళ్లు రజాకార్ల కోసం ప్రతి బండినీ ఆపి, లోపల దీపం వేసి చూపించమంటున్నారట. వెయ్యకపోతే అందరినీ దించి పక్కన కూర్చోబెడుతున్నారట. మిలిటరీ రంగు వ్యాను, లోపల చీకటి, గడ్డపు మనిషి. చూశావా అని అడిగాను. చూడలేదన్నాడు. మళ్లీ అడిగాను.

2-10

రబ్బరు రింగులు, ఫ్యూజు, మందపు తీగ డబ్బాలో వేసి పై అరలో పెట్టాను. ఎవరడిగినా లేవంటున్నాను.

ఫకీర్, ఎప్పుడు కలుస్తం?