అక్క ఆది రవిక

కోవిల్పట్టి, 1935, ఐప్పసి నెల. మంగళవారం రాత్రి.

నాన్న నిన్న విరుదునగరం టైలరు దగ్గర్నుంచి తెచ్చిన, రవిక లోపల తొడుక్కునే కొత్త బాడీ ఈరోజు బడికి వేసుకెళ్లాను. మళ్లీ అదే కథ. రొమ్ము దగ్గర వదులు. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే చాలు, భుజం పట్టీ జారుతుంది, చంక కింద గుడ్డ ముడతపడి ఒరుసుకుంటుంది. ఇప్పుడు కూడా మంటగానే ఉంది.

టైలరు తప్పేం లేదు. ఆడవాళ్ల ఒంటికి ఆయన టేపు పెట్టడు. ఇంటినుంచి పంపిన ఆది రవిక కొలతలతోనే కుడతాడు. అమ్మ పంపేది అక్క రవిక. అక్క చనిపోయి రెండేళ్లయినా ఇంకా అదే పంపుతోంది. నాది పంపమ్మా అంటే, "రొంత తిను మే, నీకే సరిపోతాది" అని కంచంలో ఇంకో ముద్ద పెడుతుంది.

సాయంత్రం నేనే సూది తీశాను. రెండు పక్కలా లోపలికి పట్టి కుట్టాను. చంక దగ్గర మెత్తటి పాతచీర ముక్క వేశాను. వేసుకుని చేతులెత్తి చూసుకున్నాను. జారలేదు, ఒరుసుకోలేదు. ఇన్నాళ్లకు నా ఒంటికి కుదిరిందొకటి దొరికిందని నవ్వొచ్చింది కూడా.

అప్పుడే అమ్మ లోపలికి వచ్చింది. దగ్గరికొచ్చి కొత్త కుట్లను వేలితో తడిమింది. తిడుతుందనుకున్నాను. మెల్లగా అంది:

"విప్పేయ్ మే. అక్క వస్తే దానికి పట్టదు."

పక్కగదిలో నాన్న దగ్గు ఆగిపోయింది.

విప్పలేదు. ఆ బాడీ వేసుకునే పడుకుంటున్నాను. ఆ కుట్లు ఎవరూ విప్పకుండా కత్తెర నా తలగడ కింద పెట్టుకున్నాను. అమ్మ ఇంకా నిద్రపోలేదు.