రెండు గిన్నెల ఐస్‌క్రీమ్

డులూత్,
జూన్ 8, 1976

ప్రియమైన రేనో,

నవ్వకూడదని ముందే ఒట్టు వేయించుకుంటున్నాను. కరెంటు మీద నెమ్మదిగా ఉడికించే స్లో కుక్కర్ కొన్నాను. నారింజ రంగుది. పొద్దున ఆస్పత్రి లాండ్రీలో పనికి వెళ్లేముందు మాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు అందులో పడేసి మీట తిప్పి పోతున్నాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి వీధి గుమ్మం దాకా వాసన! మార్లిస్ మొదటి ముద్ద తిని, "అమ్మా, ఈ ఇంట్లో నీకంటే బాగా వండేది ఒకటొచ్చింది" అంది. పదేళ్లకే దానికి ఎంత నోరో చూడు. టోయివో గంటసేపు దాని గాజు మూత వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎందుకురా అంటే, "అది నిద్రపోతోందమ్మా, లేస్తుందేమోనని" అన్నాడు. ఆరేళ్లవాడికి అంత ఓపిక మరి దేనికీ ఉండదు.

నీకేం, నీది చేతి తూకం. ఓడలో ముప్ఫైమందికి కళ్లు మూసుకుని వండేస్తావు. చెంచా లేనిదే నాకు ఉప్పు వెయ్యడం చేతకాదు.

ఏప్రిల్‌లో వచ్చిన ఆ జ్వరం పూర్తిగా తగ్గిందా? ఫోనులో అడిగితే మాట మార్చేశావు.

నీ ఐలీ


హ్యూరాన్ సరస్సు మీద,
జూన్ 17

ప్రియమైన ఐలీ,

నవ్వలేదు. డెట్రాయిట్ దగ్గర ఉత్తరాల పడవ మా ఓడ పక్కకు వచ్చి నీ ఉత్తరం అందించింది. వంటగదిలో నిలబడే చదివేశాను.

ఆ కూర ఎలా చేశావో పూసగుచ్చినట్టు రాసి పంపు. ఎన్ని చెంచాల ఉప్పు, ఎంత మిరియప్పొడి, ఎన్ని గంటలు, అన్నీ. "తగినంత" అని మాత్రం రాయకు.

ఇంకొక సంగతి. వీధి గుమ్మం దాకా వాసన అన్నావు. ఎలాంటి వాసన? అదీ రాయి.

జ్వరం ఎప్పుడో పోయింది. పిల్లలకు ముద్దులు.

నీ రేనో


డులూత్,
జూన్ 28

ప్రియమైన రేనో,

నన్ను ఆటపట్టిస్తున్నావా? పద్దెనిమిదేళ్లుగా ఓడల్లో వంట చేస్తున్నవాడికి నేను కొలతలు చెప్పాలా? మార్లిస్‌ను అడిగితే, "నాన్నకి నీ ఉత్తరం పొడుగ్గా ఉండాలమ్మా, అంతే" అని తేల్చేసింది. సరే, దాని మాటే నిజమనుకుని రాస్తున్నాను. కూర కొలతలు వెనకపేజీలో ఉన్నాయి. కరెంటు పెనం మీద చేసే చేపముక్కలు, యాలకుల రొట్టె కూడా రాశాను. గీత గీసి మరీ కొలిచాను, మళ్లీ వంక పెట్టకు.

వాసన గురించి ఏం రాయను? నాకు రాయడం రాదు. యాలకుల రొట్టె పొయ్యిలో ఉన్నప్పుడు మీ అమ్మ ఇంటి తలుపు తీసినట్టు ఉంటుంది. కూరయితే, చలిలో నుంచి వచ్చి తడి చేతితొడుగులు విప్పుకుంటున్నట్టు. చాలా?

నిన్న మార్లిస్ స్నేహితురాలు వాళ్ల నాన్నతో గుడారం వేసుకోవడానికి అడవికి వెళ్లిందట. మనది ఇంటికొచ్చి, "మనకి వేసవంటే నాన్న లేని కాలం కదమ్మా" అంది. ఏడుస్తూ కాదు, మామూలుగానే అంది. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. మంచు కరిగాక వెళ్లినవాడివి, మళ్లీ సరస్సులు గడ్డకట్టాకే కదా వస్తావు.

నీ ఐలీ


సూ కాలువ దగ్గర,
జూలై 8

ప్రియమైన ఐలీ,

మంచి కబురు. పదిహేడో తేదీ, శనివారం, ఇనుపరాయి ఎత్తుకోవడానికి మన ఊరి రేవుకే వస్తున్నాం. నాకు ఆరుగంటలు సెలవు. మన రేవు కాలువ పక్కన పార్కులో కలుద్దాం. తినడానికి ఏం తెస్తావో తీసుకురా. చేత్తో తిప్పి ఐస్‌క్రీమ్ చేసే మరచెంబు కూడా తెండి, పిల్లలు సరదాపడతారు.

నీ కూర చేశాను. పళ్లాలన్నీ ఖాళీ. చేతికింద పనిచేసే ఫ్లాయిడ్, "ఇది మీ చేతి వంటలా లేదే, గురూ?" అన్నాడు. మా ఆవిడదని చెప్పాను.

నీ రేనో


డులూత్,
జూలై 20

ప్రియమైన రేనో,

శనివారం నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా నాకు కనిపించింది నీకు రాయాలి.

పిల్లలిద్దరూ వంతులేసుకుని మరచెంబు తిప్పారు. చెంబు చుట్టూ గడ్డకట్టించడానికి మంచుముక్కలు, రాతి ఉప్పు. మార్లిస్ మొదటి గిన్నె నీకే ఇచ్చింది. "అబ్బ, ఓడలో ఇలాంటిది నేనెప్పుడూ చెయ్యలేకపోయానే" అన్నావు. రెండో గిన్నె అడిగి తీసుకున్నావు. అప్పుడు టోయివో ఒక చెంచా నోట్లో పెట్టుకుని గడ్డిమీద ఉమ్మేశాడు. "అక్కా, ఉప్పుకషాయం!" అని అరిచాడు. మూత వదులై ఉప్పునీళ్లు లోపలికి దిగాయి. నేనూ రుచి చూశాను, నాలుక మీద ఉంచుకోలేకపోయాను.

నీ చెంచా గాలిలోనే ఆగింది. నువ్వు మార్లిస్ వైపు చూసి, "నువ్వు చిన్నబుచ్చుకుంటావని తినేశానమ్మా" అన్నావు. అది నమ్మింది. నీ మెడ పట్టుకుని వేలాడింది.

నేను నమ్మలేదు. మన పెళ్లిలో మా అమ్మ చేసిన కేకు పిండి సరిగా ఉడకలేదని ఆవిడ మొహం మీదే చెప్పినవాడివి. తిండి విషయంలో నీకు అబద్ధం రాదు.

కొలతలు. వాసనలు. ఏప్రిల్ జ్వరం. ఓడ కాలువ దాటుతుంటే పిల్లలు చేతులూపుతున్నారు, నేను ఒక్కొక్కటీ కలుపుకుంటూ నిలబడ్డాను.

నీ నోటికి ఏమైంది రేనో? నాకు చెప్పు.

నీ ఐలీ


ఈరీ సరస్సు మీద,
ఆగస్టు 1

ప్రియమైన ఐలీ,

నీ ఉత్తరం అందిన రెండురోజుల తర్వాత కలం పట్టుకున్నాను.

జ్వరం తగ్గిన రోజు పొద్దున కాఫీ తాగాను. ఉత్త వేణ్ణీళ్లలా ఉంది. పొడి వెయ్యలేదని ఫ్లాయిడ్‌ను తిట్టాను. వాడు బిక్కమొహం వేశాడు. తర్వాత ఉల్లిపాయ కొరికాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి గాని రుచి లేదు, వాసన లేదు. ఇప్పటికీ అంతే.

ఎవరికీ చెప్పలేదు. చేతి అలవాటు మీద నెట్టుకొచ్చాను. ఒకరోజు సూపు ఉప్పు, మర్నాడు చప్పిడి. ఇంజనుగది వాళ్లు పళ్లాలు పక్కకు తోసేవాళ్లు. "ఏం రేనో, ఒడ్డున ఎవరినైనా తలుచుకుంటూ వండుతున్నావా?" అని ఒకడు వెక్కిరించాడు. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. అప్పట్నుంచి నీ చెంచాలతోనే గట్టెక్కాను. వాసనలు అడిగింది మాత్రం ఓడకోసం కాదు. పడుకుని ఆ నాలుగు ముక్కలూ చదువుకుంటే ఇల్లు కాస్త దగ్గరయ్యేది.

ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. చలికాలంలో ఇంటికొచ్చాక ఆదివారాలు నేనే వండుతాను. పిల్లలకు నేనంటే ఆ వంటే. అది తీసేస్తే ఆ ఇంట్లో నేనెవరిని ఐలీ?

నిన్న కెప్టెన్ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఆయన, "అంటే జూలై నుంచి మాకు వండిపెడుతున్నది మీ ఆవిడన్నమాట" అన్నాడు. డాక్టరుకు చూపించుకోమని నెలరోజులు సెలవిచ్చాడు. అప్పటిదాకా వంటగది ఫ్లాయిడ్‌ది. ఆ తర్వాత సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. నీ ఉత్తరాలు ఇచ్చి వెళ్లమని ఫ్లాయిడ్ అడిగాడు. కొలతలు రాసి ఇచ్చాను. ఉత్తరాలు ఇవ్వలేదు.

పద్నాలుగో తేదీ సాయంత్రం నాలుగున్నర బస్సుకు వస్తాను.

నీ రేనో


డులూత్,
ఆగస్టు 6

ప్రియమైన రేనో,

నువ్వు ఓడ దిగే రేవులో ఈ ఉత్తరం నీకు అందాలి.

నీ ఉత్తరం లాండ్రీలో దుప్పట్ల గుట్ట వెనక కూర్చుని చదివాను. ముందు ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. నాలుగు నెలలు ఒక్కడివే మోశావు, మొద్దూ!

డాక్టరు పదహారో తేదీ రమ్మన్నాడు. బాగవుతుందో లేదో చూడకుండా చెప్పలేనన్నాడు. బాగవకపోతే ఒడ్డునే ఏదో ఒక పని చూసుకుందాం. నాకు పని ఉంది కదా.

ఆ ఇంట్లో నేనెవరినని అడిగావు. నాకు చెప్పడం రాక, రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు ఒక్కటే చెప్పాను, నాన్న నెలరోజులు ఉంటాడని. వాళ్లు వంట సంగతే ఎత్తలేదు. మా అన్నయ్య గుడారం ఇస్తానన్నాడు. ఉత్తరాన ఒక చిన్న సరస్సు ఉంది, డాక్టరు చూశాక అక్కడికే వెళ్తున్నాం. గుడారంలో నీ పక్కన ఎవరు పడుకోవాలన్నదానిమీద యుద్ధం జరిగింది. నువ్వు నడుమ, చెరోవైపు వాళ్లు. నన్ను గుమ్మం దగ్గర పడెయ్యడానికి ఒప్పందమైంది.

చివరికి టోయివో, "అమ్మా, నాన్నకి ఈత వచ్చా?" అని అడిగాడు. పన్నెండేళ్ల కాపురం, భర్త ఓడలో పని, నాకు నిజంగానే తెలీదు. ఒక్క వేసవి కూడా నిన్ను నీళ్లలో చూడలేదు.

వాడు జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. తొందరగా రా.

నీ ఐలీ