ఆదివారం సాక్ష్యం గురించి

మచిలీపట్నం,
9 ఆగస్టు 2007

పాస్టరమ్మగారికి వందనాలు.

ఆదివారం ఆరాధనలో, ప్రార్థనవల్ల బాగైందని సాక్ష్యం చెప్పేవాళ్లలో నా పేరు కూడా రాశారని అమ్మ సంతోషంగా చెప్పింది. దయచేసి ఆ పేరు తీసేయండి. మీరంతా మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థించిన ఆ తలనొప్పి నాకసలు లేదండీ.

నాకున్నది దగ్గుమందు అలవాటు. గుడివాడ హాస్టల్లో పరీక్షలప్పుడు మొదలై, రోజుకు రెండు సీసాలైంది. అది లేని రోజు మంచం దిగాలనిపించేది కాదు. విజయవాడలో ఒక డాక్టరుగారు మందులతోపాటు న్యూరోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఇస్తున్నారు. తలకు వైర్లు అంటించి కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. మనసు కుదురుగా ఉంటే తెరమీద పడవ కదులుతుంది, చెదిరితే ఆగిపోతుంది. మొదట్లో పళ్లు బిగించి చూసేదాన్ని. "పడవను నెట్టకమ్మా, ఊరికే చూడు" అనేవారాయన.

అమ్మేమో, "వైర్లంటే పిచ్చికి షాకులనుకుంటారే, తలనొప్పని చెబుదాం" అంది. నేనూ సరేనన్నాను.

పంతొమ్మిది రోజులు మానేశాను. కానీ షుగరున్న దయామణత్తయ్య నాకోసం పస్తుండి కళ్లు తిరిగి పడిపోయారని విన్న సాయంత్రం, ఆ సిగ్గు భరించలేక మళ్లీ సీసా కొని తాగాను. మర్నాడు వెళ్లి వైర్లు పెట్టించుకుంటే పడవ చాలాసేపు కదల్లేదు.

బాగుపడ్డానని ఎలా చెప్పను? అత్తయ్యను ఉపవాసం మానమని మీరే చెప్పండి. నిజం నేనే వెళ్లి చెబుతాను, కాస్త వ్యవధి ఇవ్వండి. ప్రార్థన మాత్రం ఆపకండి. ఇన్నాళ్లూ అందరూ లేని జబ్బు కోసం చేశారు. ఉన్నదాని కోసం మీరొక్కరైనా చేయండి.

మీ దగ్గర సండేస్కూలు చదివిన పిల్ల