గోలెంలో బతుకమ్మ

జఫర్‌గఢ్,
18-10-1983

శకుంతలక్కా,

తిట్టేముందు ఈ ఉత్తరం మొత్తం చదువు. నెల రోజులు కష్టపడి నువ్వు గీసిన బతుకమ్మ బొమ్మల పుస్తకం ఇక లేదు. ఉన్నది ఆ ఒక్కటేనని నాకూ తెలుసు.

"మూడేళ్ల పిల్లలకు బొమ్మలు చూస్తే పండుగ తెలుస్తుందా?" అని ప్రెస్సు ఆయన నీ పుస్తకాన్ని తిప్పి పంపాడు కదా! మొన్న దాన్ని మా బాల్వాడీ పిల్లల ముందు పెట్టాను. గట్టయ్య మనవరాలు యాకమ్మ పేజీలు తిప్పింది. ఒక బొమ్మలో తంగేడు పూలు తెంపుతున్నారు, ఇంకోదాంట్లో పేరుస్తున్నారు, తర్వాత చుట్టూ ఆడుతున్నారు. కుదరలేదని నువ్వు వదిలేసిన చివరి పేజీ ఖాళీ.

"టీచరమ్మా, గీ బతుకమ్మను సాగనంపలేదేంది?" అంది యాకమ్మ.

"రేపు సాగనంపుదాం తియ్" అని ఉప్మా వడ్డించడానికి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పన్నెండుమందీ పెరట్లో నీళ్ల గోలెం చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పుస్తకం నీళ్లలో ఉంది. రంగులు కరిగి గోలెమంతా పచ్చగా, తంగేడు పూల రంగు!

"పోయిరా బతుకమ్మా!" అంటూ యాకమ్మ దండం పెట్టింది.

అక్కా, నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈ ఉత్తరం ప్రెస్సు ఆయనకు చూపించు. పుస్తకం మళ్లీ గియ్యి, ఈసారి చివరి పేజీలో నీళ్లు కూడా గియ్యి.

దీపావళి పుస్తకమూ తొందరగా పంపు. అగ్గిపెట్టె ఇప్పటికే అటక మీద దాచాను.

నీ చెల్లె