ఐదడుగుల ఎడం

ఏవండీ,

ఎల్లుండి మీ సంవత్సరీకం. పంచెలచాపు కొనడానికి ఈరోజు అమ్మాయితో గవర్నర్‌పేట వెళ్లాను. బస్సు దిగగానే అలవాటుగా దానికి ఐదడుగులు వెనకపడ్డాను.

"ఇంకా ఏంటమ్మా, అలా వెనకాలే వస్తావు?" అంటూ ఆగింది.

మిలటరీలో పదహారేళ్లు చేసి వచ్చాక మీరెప్పుడైనా నన్ను పక్కన నడవనిచ్చారా? పూర్వం సైనికులు భుజాలు రాసుకుంటూ వరసల్లో నడిచేవారనీ, మెషిన్‌గన్లూ బాంబులూ వచ్చాకే ఎడంగా నడవడం నేర్చుకున్నారనీ చెప్పేవారు. "ఒక్క బాంబుకి ఇద్దరం పోకూడదే. పిల్లకి ఒకరన్నా మిగలాలి" అనేవారు. బెజవాడ బజార్లో బాంబేంటండీ అని ఎన్నిసార్లు విసుక్కున్నానో! చూసినవాళ్లేమో మనం పోట్లాడుకుని వస్తున్నామనుకునేవారు.

అదే చెప్పాను దానికి. మైలవరం వైపు వరిపొలాలకి డ్రోన్‌తో పురుగుమందు కొడుతుంది కదా ఇప్పుడు, నవ్వేసింది.

"నాన్న పద్ధతి పాతబడిపోయిందమ్మా. ఇప్పటి యుద్ధాల్లో డ్రోన్ ఒక్కొక్కళ్లనీ వెతుక్కుంటూ వస్తుంది. ఎంత ఎడంగా నడిచినా వదలదు" అని నా చెయ్యి పట్టుకుంది.

అది వినగానే, మీరుండగా ఈ సంగతి తెలిసుంటే ఒక్కరోజైనా మీ పక్కన నడిచేదాన్ని కదా అనిపించింది. అంత ఘోరం విని అలా అనుకోవడం తప్పేనేమో.

కానీ పక్కన మనిషితో నడవడం నాకు రాదండీ. కొట్టు చేరేలోపు అడుగు కలవక రెండుసార్లు తూలాను.